కాక మర్చిపోని తారీఖు

మా గుమాస్తా కాక చనిపోయాడన్న కబురు నాకు మేడ్చల్ కోర్టు వరండాలో తెలిసింది. ఆయన కొడుకు ఫోన్ చేసి, "అక్కా, బాపు పొద్దుగాల్ల పోయిండు. చాయ్ తాగి గోడకు ఆనుకున్నడు, గంతే" అన్నాడు. లోపల నా కేసు పిలుస్తున్నారు. వాయిదా అడగడానికి నిలబడ్డాను. ఎందుకో చెప్పకముందే జడ్జిగారు నా మొహం చూసి వాయిదా ఇచ్చారు.

వకీలు పోతే కోర్టులో సంతాప సభ పెడతారు. గుమాస్తా పోతే పెట్టరు. అందుకే ఇది రాస్తున్నాను.

కాక నాకు చుట్టం కాడు. మా సీనియర్ వకీలు దగ్గర ముప్పై ఏళ్లు గుమాస్తాగా పనిచేశాడు. రోజూ అల్వాల్ నుంచి లోకల్ రైల్లో వచ్చి, అందరికన్నా ముందు ఆఫీసు తాళం తీసేవాడు. చొక్కా జేబులో ఎప్పుడూ రెండు పెన్నులుండేవి. ఒకటి తాను రాసుకోవడానికి, రెండోది కక్షిదారుల సంతకాలకు. ఆ రెండో దాంతో ఆయన ఒక్క అక్షరం రాయగా నేను చూడలేదు. నలుగురిలో నన్ను "మేడం" అనేవాడు, ఎవరూ లేనప్పుడు "బిడ్డా" అనేవాడు. చేరిన కొత్తలో నేనొక దావా కాగితం చదివేసి పక్కన పెడితే, మళ్లీ నా ముందుకు జరిపాడు. "ఇంకోపారి చదువు బిడ్డా. మొదటిపారి మన మనసుల ఉన్నదే కనిపిస్తది. కాయిదంల ఉన్నది రెండోపారి కనిపిస్తది" అన్నాడు. ఇప్పటికీ ఏ కాగితమైనా రెండుసార్లు చదువుతాను.

నేను జూనియర్‌గా చేరిన రెండేళ్లకు సీనియర్‌కు పక్షవాతం వచ్చింది. మిగతా జూనియర్లు తలోదారి చూసుకున్నారు. ఆఫీసులో నేనూ కాకా మిగిలాం. ఇంట్లో పరిస్థితి అంతకన్నా అధ్వానంగా ఉంది. సుచిత్ర చౌరస్తా దగ్గర లేత్ మిషన్ మీద పనిచేసే మా నాయిన కుడిచెయ్యి నలిగిపోయి ఇంటిపట్టునే ఉన్నాడు. తమ్ముడు డిగ్రీలో ఉన్నాడు. సంపాదించాల్సింది నేనొక్కదాన్నే.

సరిగ్గా అప్పుడే నాకో ఉత్తరం వచ్చింది. ఒక జిల్లాలో పేరున్న వకీళ్ల సంస్థ హైదరాబాదులో ఆఫీసు తెరుస్తోంది, నెల జీతం మీద నన్ను తీసుకుంటామంటోంది. సీనియర్ ఆసుపత్రిలో ఉండగా నేనా ఉత్తరాన్ని బ్యాగులో పెట్టుకుని తిరిగాను. దొంగతనం చేసినట్టుండేది. మళ్లీ తీసి చదువుకుంటే ఊపిరాడినట్టుండేది.

అదే నెలలో అలియాబాద్ రైతు ఒకాయన మా కోర్టులో కేసు ఓడిపోయాడు. భార్యాభర్తలిద్దరూ కూరగాయలు పండించుకునే చిన్న చెలక అది. పక్క భూమివాళ్లు తమదేనని దావా వేసి గెలిచారు. ముప్పై రోజుల్లో జిల్లా కోర్టులో అప్పీలు వెయ్యాలి. కాక ఆఖరి తారీఖు చీటీ మీద రాసి నా టేబుల్‌కు అంటించాడు. నోటితో రెండుసార్లు గుర్తుచేశాడు. "రేపు చూస్తలే కాకా" అన్నాను రెండుసార్లూ. ఆసుపత్రికీ ఇంటికీ తిరుగుతూ, ఉత్తరం గురించి ఆలోచిస్తూ ఆ తారీఖు దాటించేశాను. సీనియర్ పోయారు. సోమవారం నుంచి వస్తానని హైదరాబాదు సంస్థకు జవాబు రాశాను. కర్మలయ్యాక ఆఫీసు తెరిచిన రోజునే రైతు వచ్చాడు. భూమి ఖాళీ చెయ్యమని వచ్చిన నోటీసు ఆయన చేతిలో ఉంది.

"మన అప్పీలు ఏమైంది వకీలమ్మా?"

నేను నోరు తెరిచేలోపు కాక మా ఇద్దరి మధ్యకు వచ్చి నిలబడ్డాడు.

"ఎయ్యలే. తారీఖు నేనే మర్చిపోయిన. సారు పరేషాన్ల పడి మేడంకు చెప్పలే. తప్పు నాది."

రైతు కాక కాలర్ పట్టుకుని గోడకు నెట్టాడు. "ముసలోడా, నా బతుకు ఆగం జేసినవు గదరా! నా పిల్లలకు ఏం పెట్టాలె?" అంటూ ఏడ్చాడు. కాక చేతులు అడ్డం పెట్టుకోలేదు.

నేను కుర్చీలో కూర్చునే ఉన్నాను. ఒక్క మాట మాట్లాడలేదు. ఇన్నేళ్లలో ఆ సంఘటనను ఎన్ని రకాలుగా తలుచుకున్నా ఆ సంగతి మారదు.

రైతు వెళ్లిపోయాక, "ఎందుకు కాకా?" అని అడిగాను.

"సోమారం పట్నం పోతున్నవు గద. మంచి పేరుతోని చేరు. నేను గుమాస్తాను, నా పేరు ఎవలు అడుగుతరు?"

ఉత్తరం గురించి ఆయనకు నేను చెప్పనేలేదు. రెండ్రోజుల తర్వాత, తాను ఇంకో వకీలు దగ్గర కుదిరానని చెప్పి తాళంచెవి నాకిచ్చాడు.

సోమవారం ఇస్త్రీ చీర కట్టుకుని మేడ్చల్‌లో రైలెక్కాను. అమ్మ బొట్టుపెట్టి పంపింది. అల్వాల్ స్టేషన్లో రైలాగినప్పుడు కిటికీలోంచి చూస్తే, ప్లాట్‌ఫాం చివరి బెంచీ మీద కాక కనిపించాడు. అది ఆయన కోర్టులో ఉండాల్సిన వేళ. తెల్లచొక్కా, ఒళ్లో టిఫిన్ సంచి. ఎక్కడికీ వెళ్లేవాడిలా లేడు. నేను దిగేశాను.

"కాకా, గీడ కూసున్నవేంది? కోర్టుకు పోలేదా?"

ఉలిక్కిపడి లేచాడు. "నువ్వెందుకు దిగినవు? రైలు పోతాంది, ఎక్కు జల్దీ!" అని నా మీద అరిచాడు. అంతకుముందెప్పుడూ అరవలేదు. రైలు వెళ్లిపోయింది. ఆయన మళ్లీ కూలబడ్డాడు.

"నలుగురు వకీళ్లను అడిగిన. తారీఖు మర్చిపోయే గుమాస్తాను ఎవలు పెట్టుకుంటరు బిడ్డా? ఇంట్ల చెప్పలే. రోజు డబ్బ కట్టిస్తున్నరు, వచ్చి గీడ తిని పోతున్న."

ఆ మాటల్లో ఎత్తిపొడుపు లేదు. ఉంటే నాకు కాస్త తేలికయ్యేది. చాలాసేపు ఏడ్చాను. తర్వాత, నిజం చెప్తే ఆ భూమి దక్కుతుందా అని అడిగాను.

"తెల్వదు. ఆలస్యం మన్నించమని కోర్టుకు అర్జీ పెట్టుకోవచ్చు. ఎందుకు ఆలస్యమైందో నువ్వు నీ పేరు మీద రాయాలె. అది రాసినంక పట్నంల నిన్ను పెట్టుకుంటరో పెట్టుకోరో. రాయమని నేను చెప్ప. రాయొద్దని గూడ చెప్ప."

రెండు రైళ్లు వచ్చి వెళ్లాయి. ప్రతిసారీ లేచి నిలబడ్డాను. నాయిన చెయ్యి, తమ్ముడి ఫీజు, అమ్మ పెట్టిన బొట్టు గుర్తొచ్చాయి. రైతు ఏడుపు గుర్తొచ్చింది. ఏది న్యాయమో తెలుసు. దానికి మా ఇల్లంతా మూల్యం చెల్లించాలనీ తెలుసు. రెండో రైలు వెళ్లిపోయాక స్టేషన్ బయట ఎస్టీడీ బూతులోంచి ఆ సంస్థకు ఫోన్ చేసి, ఉన్నదున్నట్టు చెప్పాను. అవతలి మనిషి మర్యాదగానే విన్నాడు. "అలాంటి అఫిడవిట్ వేసిన వకీలును మా కక్షిదారులకు ఎలా చూపిస్తామమ్మా?" అని పెట్టేశాడు.

అక్కణ్నించి ఇద్దరం అలియాబాద్ పోయాం. మర్చిపోయింది నేనేనని రైతుకు చెప్పాను. ఆయన తలెత్తలేదు. భార్య వంకాయలు తెంపడం ఆపి, "ఎవలు మర్చిపోతే మాకేందమ్మా? పోయింది మా భూమే గద" అంది.

అఫిడవిట్‌లో, గుమాస్తా నాకు రెండుసార్లు గుర్తుచేశాడని కూడా రాశాను. కాక రెండుసార్లు చదివి, "గీ వాక్యం తీసెయ్యి బిడ్డా, కేసుకు పనికిరాదు" అన్నాడు. తియ్యలేదు.

అంతా చక్కబడిందని రాయలేను. చాలా నెలలకు ఆలస్యాన్ని మన్నించి అప్పీలు తీసుకున్నారు. ఏళ్లు నడిచాక, అలియాబాద్, షామీర్‌పేట చుట్టూ భూముల మీద అందరి కళ్లూ పడిన రోజుల్లో, అది రాజీతో ముగిసింది. రైతుకు సగం చెలక మిగిలింది, సగం పోయింది. మా తమ్ముడు చదువు ఆపేసి సుచిత్రలో హార్డ్‌వేర్ షాపులో చేరాడు. "మా గురించి ఒక్కపారన్న అనుకున్నవా?" అని అమ్మ అడిగింది. ఆ పట్నం ఆఫీసు బోర్డు కనిపిస్తే ఇప్పటికీ తల తిప్పుకుంటాను. మంచి పని చేశానన్న తృప్తి నాకెన్నడూ కలగలేదు. కాక మాత్రం మేం అలియాబాద్ వెళ్లొచ్చిన మర్నాడే వచ్చి తాళంచెవి అడిగి తీసుకున్నాడు. చూపు ఆనక, కేసు నంబర్లు నాచేత చదివించుకునేదాకా నాతోనే పనిచేశాడు. ఆ రోజు సంగతి మళ్లీ ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఒకసారి నేనే ఎత్తబోతే, "ఇగ చాలు బిడ్డా, కక్షిదారు నిలబడ్డడు, కూసోమను" అన్నాడు.

అల్వాల్‌లో ఆయన అంతిమయాత్రలో నడిచినవాళ్లు పాతిక మందికి మించరు. అలియాబాద్ రైతు వచ్చాడు. నన్ను పలకరించలేదు. పాడె రైల్వే గేటు దగ్గరకు వచ్చేసరికి గేటు పడింది. మోస్తున్నవాళ్లలో ఒకాయనకు ఆయాసం వస్తే, రైతు ముందుకొచ్చి ఆ కొమ్ము తన భుజం మీదకు తీసుకున్నాడు. అందరం ఆగాం. మేడ్చల్ వైపు వెళ్లే రైలు నెమ్మదిగా మా ముందునుంచి కదిలింది. తలుపుల దగ్గర వేలాడుతున్న మనుషులు పాడెను చూసి, ఒక చేత్తో కమ్మీ పట్టుకునే రెండో చెయ్యి నుదుటికి ఆనించుకున్నారు. పెట్టె తర్వాత పెట్టె, ఆఖరి పెట్టెదాకా.