యేసు సినిమాకి మా నాయనమ్మ లేచి నిలబడిన రోజు

నా పేరు సుగుణమ్మ. వయసు అరవై రెండు. తిరువూరులో కొడుకు, కోడలు, మనవరాలు గ్లోరీతో ఉంటున్నాను. నాకు చదువు రాదు... నేను చెబుతుంటే గ్లోరీ ఫోన్లో కొడుతోంది. ఒక్క ముక్క మార్చినా ఊరుకోనని ముందే చెప్పాను.

సంగతేమిటంటే... మొన్న మన ఊరి గ్రూపులో ఒకాయన రాశాడట. యేసు సినిమా వచ్చినప్పుడు నేల టికెట్టు జనానికి సినిమా చూడటం తెలియక గోల చేశారని, ఆట ఆగిపోయిందని. కింద అందరూ నవ్వే బొమ్మలు పెట్టారట.

అయ్యా, మీరు నవ్వింది మా నాయనమ్మ ఏలీసమ్మని. ఆ రోజు ఆమె పక్కనే కూర్చున్నదాన్ని నేను. గోల ఎవరిదో నేను చెబుతాను... వినండి.

మా చిన్నప్పుడు... అంటే డెబ్బైల చివర్లో... మా పాస్టరు గారికి సినిమా అంటే పడేది కాదు. హాలు గడప తొక్కినవాళ్ళకు ఆరాధనలో ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షారసం ఇవ్వనని ప్రతి ఆదివారం చెప్పేవారు. అలాంటిది ఏకంగా యేసు ప్రభువు మీదే సినిమా వచ్చి కూర్చుంది! ఏం చెయ్యాలో ఆయనకూ తోచలేదు. ముందు తానే వెళ్ళి చూసొచ్చారు. ఆదివారం ప్రసంగం చివర గొంతు సవరించుకుని, "వెళ్ళండి. అయితే చర్చిలో ఎలా ఉంటారో అక్కడా అలాగే ఉండండి" అన్నారు.

ఇక చూడాలి మా పేట హడావిడి... ఉతికిన చీరలు, కొబ్బరినూనె తలలు, సద్ది మూటలు. వినగడప నుంచి బండ్లు కట్టుకొచ్చారు. విస్సన్నపేట బస్సు టాపు మీద కూడా జనమే. నెమలి ఊళ్ళో గుడికి వెళ్ళినవాళ్ళు నుదుట బొట్లతో, చేతిలో ప్రసాదంతో అటునుంచి అటే హాలుకి వచ్చేశారు!

బొమ్మ మొదలైంది. పశువుల పాకలో బిడ్డ ఏడవగానే ఆడవాళ్ళందరం ఒకటే చప్పట్లు. మా రూతమ్మ పిన్ని మాత్రం తెర మీద మరియమ్మను చూసి, "పురుడొచ్చిన మొహాన ఆ పౌడరేంటే, చోద్యం కాకపోతే!" అంది. ప్రభువును పట్టిచ్చే ఆ యూదా కనపడితే చాలు... నేలంతా "థూ!"

అప్పుడు వచ్చింది, ప్రభువు శిష్యులకు పరలోక ప్రార్థన నేర్పే చోటు.

మా నాయనమ్మ కొంగు నెత్తిన వేసుకుంది. లేచి నిలబడింది. కళ్ళు మూసుకుంది. చర్చిలో పరలోక ప్రార్థనకు ఎవరైనా కూర్చుంటారా? ఆమెను చూసి నేల మొత్తం లేచింది. వెనకవాళ్ళకు తెర కనపడితే ఒట్టు... మాకూ కనపడలేదనుకోండి, కళ్ళు మూసుకున్నాం కదా!

వెనక నుంచి కేకలు. "ఏయ్, కూర్చోండెహే!" "ముసుగులు చూడటానికా మేం వచ్చింది?"

మేనేజరు టార్చిలైటుతో పరిగెత్తుకొచ్చాడు. "ముసలమ్మా, కూర్చో. ఇది చర్చి కాదు, సినిమా హాలు."

మా నాయనమ్మ కళ్ళు తెరవలేదు. "ప్రార్థన నడుస్తోంది. ఆమేన్ అన్నాక మాట్లాడు."

అంతే, ఆయన విజిలేశాడు. బొమ్మ ఆగిపోయింది. లైట్లు వెలిగాయి.

"కూర్చుంటే వేస్తా. లేదంటే నేల మొత్తం బయటికి నడవండి!"

ప్రభువు ఇంకా సిలువ దాకా రాలేదు, మూడో రోజు లేవలేదు... ఇప్పుడు పంపేస్తే ఎలా? నాయనమ్మ కొంగు పట్టుకుని లాగాను. ఆమె కదల్లేదు.

"పంపితే పంపు. ఉంచితే మాత్రం ప్రార్థన మళ్ళీ మొదట్నుంచి వెయ్యాలి. సగం ప్రార్థనకి ఆమేన్ చెప్పను నేను."

వెనక ఎవడో, "గెంటండయ్యా ఆవిణ్ణి!" అన్నాడు.

అప్పుడు కుర్చీల్లోంచి లేచారు రాజ్యలక్ష్మమ్మ గారు. మామిడి తోటల ఆసామి గారి భార్య. మా వాళ్ళందరికీ ఆమె పొలాల్లోనే పని. ఆమె ఏమంటారోనని నేల మొత్తం అటు తిరిగింది.

"ఏమయ్యా మేనేజరూ, గుళ్ళో హారతి ఇచ్చేటప్పుడు నువ్వు కూర్చునే ఉంటావా?"

"అది కాదండీ, వెనకవాళ్ళకు కనపడటం లేదని..."

"వాళ్ళు లేస్తే కనపడదు. మనమూ లేస్తే కనపడుద్ది. దానికింత రాద్ధాంతమేంటి? లేవండి అందరూ! ఏలీసమ్మా, ఈసారి కళ్ళు తెరుచుకుని చూడవే, వేషగాడు బాగున్నాడు!"

హాలంతా ఘొల్లుమంది. బెంచీలు లేచాయి. కుర్చీలు లేచాయి. రీలు మొదట్నుంచి వేశారు. ముసుగు కప్పుకున్న తలలు, బొట్టు పెట్టుకున్న తలలు, అన్నీ నిలబడే చూశాయి... చివర "ఆమేన్" అన్న కేకకి పైకప్పు రేకులు అదిరాయండీ!

ఆట వదిలాక టీ బడ్డీ దగ్గర ఎవరి తీర్పు వాళ్ళది. పాటలు ఎక్కువయ్యాయని సైన్సు మాస్టారు, రోము సైనికుల చొక్కాల్లోంచి బనీన్లు కనపడ్డాయని దర్జీ. రాజ్యలక్ష్మమ్మ గారు కళ్ళు తుడుచుకుంటూ, "మేకులు కొట్టేటప్పుడు తల దించేసుకున్నాను. రేపు మళ్ళీ రావాలి" అన్నారు. ఆదివారం చర్చిలో, భక్తిగా చూశారా అని పాస్టరు గారు అడిగితే, "నిలబడి మరీ చూశామయ్యగారూ!" అంది మా నాయనమ్మ.

ఆ సినిమా ఆడినన్నాళ్ళూ ప్రతి ఆటకీ అంతే. ఆఖరికి మేనేజరే టార్చి ఊపుతూ, "లేవండి, లేవండి, ప్రార్థన వస్తోంది!" అని నేలనీ కుర్చీలనీ లేపేవాడు.

ఇప్పుడు గ్లోరీ ఫోన్లో అదే సినిమా పెడుతుంది. చెవుల్లో ఆ ఫోను పుల్లలు పెట్టుకుని ఎవరి మంచం మీద వాళ్ళు... ప్రార్థన వస్తే నేనొక్కదాన్నే లేస్తాను. కూర్చోమని వెనక నుంచి కేకేసేవాళ్ళు కూడా లేరు.

ఆ రోజు మీలో ఎవరెవరు లేచారో, ఏ టికెట్టో చెప్పండి. నవ్వే బొమ్మలు పెట్టినవాళ్ళు అవి తీసేసి మరీ చెప్పండి.

సుగుణమ్మ, ఎడమ చేతి బొటనవేలి ముద్ర (కాగితం మీద వేస్తే గ్లోరీ ఫొటో తీసి కింద పెట్టింది)

సాక్షులు:
రూతమ్మ పిన్ని కూతురు దానమ్మ... నేల టికెట్టు
రాజ్యలక్ష్మమ్మ గారి కోడలు శకుంతల గారు... కుర్చీ టికెట్టు