వంకాయ రంగు చుక్క

మా నాన్నకు కుదురు లేదు. పెళ్ళయిన మర్నాటి నుంచీ అమ్మ ఈ మాట అంటోందట. కూర్చుంటే మోకాలు ఆడుతుంది, నిలబడితే వేళ్ళు బల్ల మీద దరువేస్తాయి. వేడి టంకం కడ్డీ చేతిలో ఉన్నంతసేపే ఆ మనిషి కదలకుండా ఉంటాడు. నలభై ఏళ్ళుగా పాత ఆంప్లిఫయర్లూ రేడియోలూ బాగుచేస్తున్నాడు. పక్కన నా బల్ల వేసుకుని నేనూ అదే పని చేస్తున్నాను. వీధిలో ఆయన్ని చుక్కాయన అంటారు.

ఆ పేరు అమ్మ పుణ్యమే. మా కొట్టుకూ ఆవిడ బ్యూటీ పార్లర్‌కూ మధ్య ఒకటే గోడ. పెట్టె బాగుచేసి చివరి స్క్రూ బిగించాక, దాని నెత్తిన నాన్న గోళ్ళరంగు ఒక చుక్క పెడతాడు. ఎవరైనా విప్పితే ఆ చుక్క పగులుతుంది. పగలలేదంటే లోపల ఉన్నది నాన్న చేతిపని అని లెక్క. చుక్క చెదరకుండా తన దగ్గరికి తిరిగొచ్చిన పెట్టె ఇంతవరకూ లేదని వచ్చినవాళ్ళందరి ముందూ కోతలు కోసేవాడు. వినీ వినీ నేనూ నమ్మేశాను.

ఆ బుధవారం డ్యాన్సు మాస్టారు తన ఆంప్లిఫయర్‌ని ట్రాలీ మీద తోసుకొచ్చాడు. అది వయసులో నాకంటే పెద్దది. చెక్క పెట్టె, ముందువైపు సూదులు ఊగే రెండు మీటర్లు, ఎత్తబోతే నడుం పట్టేసే బరువు. వీధి చివర మేడ మీది హాల్లో పిల్లలు దాని పాటకే అడుగులు నేర్చుకుంటారు. శనివారం సాయంత్రం వాళ్ళ ప్రదర్శన.

"లోపల టిక్ టిక్‌మంటోందండీ. పాట మాత్రం ఆగట్లేదు. నెమ్మదిగా సాగేచోట ఆ టిక్కు వినపడి పిల్లలు అడుగు తప్పుతున్నారు" అన్నాడు మాస్టారు.

నాన్న మోకాలు ఆడటం మొదలైంది. దానికి కారణం ఉంది. ఇలాంటి పెట్టెల్లో ఒక కాపలా సర్క్యూట్ ఉంటుంది. స్విచ్ వేశాక నాలుగు సెకన్లు చూసి, అంతా సవ్యంగా ఉందనుకుంటే కుడికొకటీ ఎడమకొకటీ ఉన్న రిలే అనే చిన్న మీటల్ని టిక్కుమనిపించి స్పీకర్లని కలుపుతుంది. లోపల ఏదైనా చెడి, పాట బదులు ఉత్త కరెంటు స్పీకర్ల మీదికి వస్తే, ఆ వైపు మీటని మళ్ళీ టిక్కుమనిపించి విడదీస్తుంది. లేకపోతే స్పీకర్లు కాలిపోతాయి. అంటే మధ్యలో టిక్కుమంటే ఆ వైపు పాట ఆగి తీరాలి. తలుపు మూసిన చప్పుడైంది, మనిషి మాత్రం లోపలికి నడిచొచ్చేశాడంటే ఎవరు ఊరుకుంటారు?

"కాపలా సర్క్యూటే పాడైంది. ఊరికే బెదిరిపోతోంది" అని తేల్చేశాడు నాన్న.

మాస్టారు నసిగాడు. "కిందటేడు స్పీకరు కాలినప్పుడు కూడా..."

"అప్పుడే చెప్పాను కదా మాస్టారూ. చుక్క చెదరలేదు, పెట్టెలో దోషం లేదు. మీవాడే వాల్యూమ్ మరీ పెంచేశాడు."

మీవాడంటే మాస్టారి బావమరిది. వీధి మొత్తానికీ ఆయన పేరు బావమరిదే. చెప్పులు కుట్టే ఆయన కూడా అలాగే పిలిచేవాడు, మాస్టారి భార్య విని నవ్వి ఊరుకునేది. పదిహేనేళ్ళు ఆ ఆంప్లిఫయర్ పక్కన కూర్చున్నాడు. ఏ అడుగు దగ్గర పాట తగ్గించాలో, ఎక్కడ ఎత్తాలో ఆయన వేళ్ళకే తెలుసు. కిందటేడు ప్రదర్శన మధ్యలో కుడివైపు స్పీకరు పొగ కక్కింది. "నేను వాల్యూమ్ ముట్టుకోలేదు బావా. లోపల టిక్కుమంది, ఆ తర్వాత వాసనొచ్చింది" అని మొత్తుకున్నాడు. నాన్నని పిలిపించారు. నాన్న వెనకనున్న చుక్క చూశాడు, మూతైనా తియ్యకుండా తీర్పు చెప్పేశాడు. నిండు సభలో మాస్టారు ఆయన్ని అబద్ధాలకోరన్నాడు. ఆ రోజు నుంచి ఆయన ఆ మెట్లెక్కలేదు. మాకు మూడు కొట్ల అవతల జిరాక్స్ మిషన్ దగ్గర పనికి కుదిరాడు. మా గుమ్మం దాటేటప్పుడు మొహం అటు తిప్పుకుంటాడు.

గురువారం నాన్న కాపలా సర్క్యూట్‌ని పీకి పందిరేశాడు. ఎండిపోయిన కెపాసిటర్లు మార్చాడు, ట్రాన్సిస్టర్ మార్చాడు, చివరికి రిలే కూడా మార్చాడు. అరగంట బాగానే పాడి మళ్ళీ టిక్కుమంది. కంచం చేత్తో పట్టుకుని కొట్టంతా తిరుగుతూ తిన్నాడు. "ఏవండీ, కాసేపు కూర్చుంటే భూమేం బద్దలవదు" అని గోడ అవతల నుంచి అమ్మ కేకేసింది. ఎవరి మాటా చెవికెక్కలేదు. ఆయన్ని చూస్తుంటే నాకే కాళ్ళు లాగాయి.

శుక్రవారం పొద్దున్న నాకు ఒళ్ళు మండింది.

"కాపలావాడు అరుస్తుంటే వాణ్ణే పట్టుకుని కొడతావేంటి నాన్నా? నిజంగానే దొంగ పడ్డాడేమో చూడొచ్చుగా?"

"నిజంగా పడితే పాట ఆగదటే?"

"ఆగకపోవడం సంగతి తర్వాత చూద్దాం."

పార్లర్‌లోకి వెళ్ళి అమ్మ చేతిలోంచి హెయిర్ డ్రయ్యర్ లాక్కొచ్చాను. సగం తడిజుట్టుతో కూర్చున్న ఆవిడ నోరు తెరుచుకుని చూసింది. పాత స్పీకర్లు రెండు తగిలించి, పాట పెట్టి, కుడివైపు బోర్డు మీదికి వేడిగాలి వదిలాను. రెండు నిమిషాలకు బల్ల మీది వోల్టు మీటరు సున్నా నుంచి ముప్ఫై వోల్టులకు ఎగిరింది. టిక్కుమంది. కాపలావాడు నిజమే చెబుతున్నాడు. బోర్డు మీద ఒకచోట టంకం చుట్టూ వెంట్రుకంత పగులుంది. వేడెక్కినప్పుడు అది విడిపోతోంది. కానీ రిలే విడదీశాక కూడా కుడివైపు స్పీకరు అట్ట ముందుకు తోసుకొచ్చి బిగుసుకుపోయింది. నాన్న ఆ స్పీకరు తీగ లాగేశాడు. ఎడమవైపు పాట తన మానాన తను పాడుతోంది.

దారంతో కట్టిన వైర్ల మోపుని పుల్లతో పక్కకి జరిపాను. పాతబడ్డ తెల్ల వైర్ల అడుగున ఒక పసుప్పచ్చ వైరు. రిలేకి ఇవతల మొదలై అవతల కలుస్తోంది, కాపలావాడి పక్కనే దొడ్డిదారి. ఆ పసుప్పచ్చ వైరు చుట్ట మా గోడకి వేలాడుతూనే ఉంది. చివరలు ఏటవాలుగా కత్తిరించి ఉన్నాయి, నాన్న కత్తిరించినట్టే.

ఇంకెవరి పనో అయితే బాగుణ్ణనిపించింది. బల్ల మీది స్క్రూ తీసి చూశాను. చుక్క వంకాయ రంగు.

డ్రయ్యర్ కోసం వచ్చిన అమ్మ దాన్ని చూసి నవ్వింది. "ఈ రంగు ఇంకా ఉందా! నువ్వు కడుపులో ఉన్నప్పుడు కొన్నానే. ఒక్కరూ వేయించుకోలేదు. సీసా అంతా మీ నాన్న చుక్కలకే పోయింది."

నాన్న నవ్వలేదు. "రిలే మొనలు నల్లబడి కుడివైపు పాట తెగిపోయేది. కొత్తది వారానికి గానీ రాదన్నారు. ఆయనకేమో ఆ సాయంత్రమే ప్రోగ్రాం. వారం తర్వాత తీసేద్దాంలే అని ఈ వైరు వేశాను. చుక్క పెడుతుండగానే ఆస్పత్రి నుంచి కబురొచ్చింది."

"నేను పుట్టిన సంబరంలో మర్చిపోయావా?"

"ఆ సంబరం ఓ నెలనుకో. మిగతా ఇరవై ఏడేళ్ళో?"

ఆయన మోకాలు ఆడటం లేదు. చేతిలో కడ్డీ లేకుండా నాన్న అలా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. నాకు భయమేసింది. ఆ భయంలోనే అనేశాను: "వైరు తీసేసి, టంకం వేసి, కొత్త చుక్క పెట్టేస్తే ఎవరికి తెలుస్తుంది నాన్నా?" తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

"జిరాక్స్ కొట్టులో తెలియాలి" అన్నాడు.

వైరు తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. పగులుకి టంకం వేశాడు. గంటసేపు వేడిగాలి పెట్టినా మీటరు కదల్లేదు. తర్వాత కావాలని బ్యాటరీతో ఉత్త కరెంటు ఇచ్చి చూశాడు. టిక్కుమంది, ఠక్కున పాట ఆగింది. పెట్టె వెనక స్క్రూలన్నీ బిగించి ట్రాలీ మీదికెక్కించాడు. చుక్క సీసా వైపు చూడను కూడా లేదు.

జిరాక్స్ కొట్టు ముందు నలుగురైదుగురు కాగితాలతో నిలబడి ఉన్నారు. "బావమరిది గారూ" అని పిలిచాడు నాన్న.

ఆయన తలెత్తలేదు. "పనుందండీ."

"పని చేసుకుంటూనే వినండి. కిందటేడు మీరు టిక్కు విన్న మాట నిజం. మీరు వాల్యూమ్ ముట్టుకోలేదు. స్పీకరు కాల్చింది నేను." జేబులోంచి వైరు తీసి మిషన్ మూత మీద పెట్టాడు. ఎందుకు, ఎప్పుడు, ఎలా అన్నీ చెప్పాడు. వరసలో ఉన్నవాళ్ళు కాగితాలు దించి విన్నారు. మూత కింద వెలుగు అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. ఎన్ని కాపీలు వచ్చిపడ్డాయో ఆయన చూసుకోలేదు.

"ఇది మా బావకి చెప్పాల్సింది" అన్నాడు చివరికి.

"అక్కడికే వెళ్తున్నాను. ముందు మీకు చెప్పాలి కదా."

హాల్లో నలభై మంది పిల్లల ముందు నాన్న అదంతా మళ్ళీ చెప్పాడు. మాస్టారు నాన్న చేతిలోంచి వైరు తీసుకుని, వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ, "పదిహేనేళ్ళు చూసిన మనిషి మాట వదిలేసి, నేను చుక్కని నమ్మాను" అన్నాడు. చెప్పులేసుకుని మెట్లు దిగి జిరాక్స్ కొట్టు వైపు నడిచాడు. అక్కడేం మాట్లాడుకున్నారో మాకు తెలియదు.

శనివారం సాయంత్రం హాలు నిండిపోయింది. నాన్న కూర్చోలేక వెనక గోడ పొడవునా తిరుగుతున్నాడు. తెర లేవడానికి అయిదు నిమిషాల ముందు బావమరిది వచ్చాడు. బావని పలకరించలేదు. ఆంప్లిఫయర్ పక్కన తన పాత స్టూలు జరుపుకుని, వెనక్కి వంగి స్క్రూలు చూశాడు. ఒక్కదానికీ చుక్క లేదు. స్విచ్ వేసి, నాన్న వైపు తిరిగి చెయ్యెత్తి ఆగమన్నాడు. నాన్న ఉన్నచోటే నిలబడిపోయాడు. నాలుగు సెకన్లు గడిచాయి.

టిక్.

"విన్నారా?" అని అందరికీ వినపడేలా అడిగాడు.

"విన్నానండీ" అన్నాడు నాన్న.