పంటు మీద కలిసిపోయిన పూలు

నరసాపురం లోవమ్మది లేసు అతుకుపని. ఊళ్లలో ఆడవాళ్లు అల్లిన దారపు పూలను ఒకటిగా కలిపి బల్లగుడ్డ చేస్తుంది. ఒకే పంతులు దిద్దించినా ఇద్దరి చేతిరాతలు ఒకటి కానట్టే, ఏ ఇద్దరి అల్లికా ఒకటి కాదు. బిగువు పూల నడుమ వదులు పువ్వు పడితే గుడ్డ ముడత పడుతుంది. అందుకే ఎవరి పూలను వారి దొంతిగా పేర్చి, రేకు డబ్బాలో తెమ్మని బేబీకి చెప్పేది. ఏటి అవతల సఖినేటిపల్లిలో పూలు పోగుచేసి, పంటు అనే రేవు పడవెక్కి ఏరు దాటి తెచ్చే నేస్తం బేబీ.

కొంతకాలంగా డబ్బా తెరిస్తే అంతా కలగాపులగం. ముడతపడ్డ గుడ్డ ఒకటి లేసు షావుకారు దగ్గర్నుంచి తిరిగి వచ్చింది కూడా.

"దొంతులు పెట్టే తెచ్చానక్కా, గంగమ్మతల్లి తోడు!"

"మరి దారిలో పూలకు కాళ్లొచ్చాయా ఏంటి?"

బేబీ అతుకుపని నేర్చుకోవాలని చూస్తోందని ఎవరో అన్ననాటి నుంచి లోవమ్మ చూపు మారింది. తన పనికి ఎసరు పెట్టడానికే పూలు కలిపేస్తోందేమో! బేబీ నవ్వితే ఎందుకు నవ్వింది? నవ్వకపోతే ఏం దాస్తోంది? అనుమానానికి అదొక సౌఖ్యం. ఏ సంగతైనా దానికి సాక్ష్యమే. ఆమెను పని మాన్పించమని షావుకారుకు చెప్పడమే ఇక తరువాయి.

చెప్పేముందు రుజువు కావాలనిపించి, ఒకనాడు తానే ఏరు దాటింది. బేబీని ముట్టనివ్వక దొంతులు స్వయంగా పేర్చింది. ఆటోలోనూ, ఇంజను అదురుకు వణికే పంటు మీదా డబ్బాను చంటిబిడ్డలా ఒళ్లో పెట్టుకుంది.

ఇంటికి వచ్చి మూత తీస్తే పూలు కలిసిపోయి ఉన్నాయి.

రాజమహేంద్రవరంలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతూ సెలవులకు వచ్చిన మేనకోడలు హేమశ్రీ నవ్వింది.

"ఇందులో దొంగెవరూ లేరత్తా. నీక్కావలసిన వరసలు ఏ కొన్నో. కలిసిపోయిన వరసలు లెక్కకందవు. కుదుపుకు నీ వరస ఏదో ఏం తెలుసు? ఎక్కువున్న వైపే పోతుంది. ఆ అమరికలు ఎన్నో చెప్పే కొలతనే ఎంట్రోపీ అంటారు."

"అయితే ఇంకా కుదిపితే మళ్లీ సర్దుకోవచ్చుగా?"

"సర్దుకోకూడదనేం లేదు. కానీ నీ జన్మలో చూడలేవు."

నమ్మబుద్ధి కాక లోవమ్మ డబ్బాను గట్టిగా కుదిపింది. పూలు మరింత కలిశాయి.

సాయంత్రం బేబీ వచ్చి గుమ్మం దగ్గరే ఆగింది. "ఏంటక్కా, దొంగ దొరికిందా?"

"రేపట్నుంచి ఎవరి పూలు వాళ్లవి దారానికి గుచ్చి తేవే. కదలవు."

"అదేదో ముందే చెప్తే గుచ్చేదాన్నిగా! నన్ను ముట్టనివ్వలేదెందుకు?"

లోవమ్మ చాప మీద కాస్త పక్కకు జరిగి, తన సూదిని బేబీ వైపు చాచింది.

"కూర్చో. అతుకుపని నేర్పుతాను."

బేబీ సూదినీ, ఆమె ముఖాన్నీ మార్చి మార్చి చూసింది. "ఉన్నట్టుండి నా మీద ఇంత ప్రేమేంటక్కా?" అంది, అనుమానంగా.