తేనెటీగల పుస్తకంలో పోయిన పేజీ

వేడి నూనె వాసనకు నోరూరినా, పకోడీల పొట్లం విప్పితే నేను ముందు కాగితమే చదువుతాను. ఈలోగా పకోడీలు చల్లారిపోతాయి. పోయిన ఒక పేజీ కోసం మొదలైన అలవాటిది. అది తలచుకుంటే అమలాపురంలో మా ఇంటి యజమానురాలు సుభద్రమ్మగారు గుర్తొస్తారు.

డెబ్భైల్లో కొత్తగా బడిపంతులునై వారి వీధిగదిలో అద్దెకుండేవాణ్ని. పాఠంలో లేని ప్రశ్న ఎవరైనా అడిగితే, గంట కొట్టేదాకా బోర్డు తుడిచేవాణ్ని. మా బళ్లో అంత శుభ్రమైన బోర్డు మరొకటి లేదు.

ఒకసారి బజారులో పకోడీలు తిని కదలబోతే, బండి పక్కన అట్టలేని పుస్తకమొకటి కాలికి తగిలింది. తేనెటీగల పెంపకం గురించి.

"ఆయ్, పారేసిందేనండి. నున్నటి కాగితం, నూనె పీల్చట్లేదు," అన్నాడు బండివాడు. అప్పటికే కొన్ని పేజీలు పొట్లాలైపోయాయి.

సుభద్రమ్మగారికి చదువు రాదు. నేను ఇంటికి తెచ్చిన ఆ పుస్తకాన్ని రోజూ నాచేత చదివించుకున్నారు. బొమ్మ చూపించి వడ్రంగిచేత పెట్టె చేయించారు. చెట్టుతొర్రలోని తేనెపట్టును ఈగలతో సహా తెప్పించి అందులో పెట్టించారు. భర్త పోయాక తనకోసం ఆవిడ మొదలుపెట్టిన మొదటి పని అది.

"ఈ వయసులో ఈగలు తోలుకోడం ఏంటొదినా?" అని మరిది నవ్వేవాడు.

"తోలట్లేదయ్యా, పెంచుతున్నాను," అనేవారు.

ఒక సెలవునాటి మధ్యాహ్నం ఈగలన్నీ పెట్టె వదిలి గుయ్యిమంటూ లేచాయి.

"మాస్టారూ! పుస్తకం చూడండి, బేగా!"

పరుగున తెచ్చి చదివాను: "ఈగలు లేచిపోవునప్పుడు వెంటనే చేయవలసినది..." తరువాతి పేజీ లేదు.

"ఏం చెయ్యాలంటండీ?"

"పేజీ లేదండీ. ఎవరో పకోడీలు తినేసి ఉంటారు." ఆ ఎవరో నేనే కావచ్చునన్న మాట మింగేశాను.

"పేజీ పోతే పోయింది. మన కళ్లెక్కడికి పోయేయండీ?" అంటూ ఆవిడ ఈగల వెంట నడిచారు. అవి మునగకొమ్మకు గుత్తిలా వేలాడాయి. కాసేపు చూసి, "తొర్రలో పెరిగినవి కదండీ, చీకటే వెతుక్కుంటాయి," అని కొత్తకుండ లోపల బెల్లంనీళ్లు రాసి, వాటిపైన బోర్లించి పట్టుకున్నారు. ఎంతసేపైనా దించలేదు. ఈగలు మెల్లగా పైకి పాకాయి. దూరంగా నిలబడ్డ నన్ను మాత్రం రెండు కుట్టాయి.

సాయంత్రానికి మళ్లీ పెట్టెలో చేరాయి. "రాయండి మాస్టారూ," అన్నారావిడ.

"ఏం రాయమంటారు?"

"ఆ పోయిన పేజీ."

బడి తెరిచాక, మిణుగురుకు వెలుగెలా వస్తుందని ఒక పిల్ల అడిగింది. బోర్డు తుడవలేదు. "నాకూ తెలీదమ్మా, పట్టుకురా, చూద్దాం," అన్నాను. ముప్పయ్యేళ్లు అలాగే గడిపాను.

పుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది. అచ్చు ఆగినచోట నా చేతిరాతలో ఆవిడ మాట: "ముందు గాభరా పడకూడదు. అవెటు వెళ్తున్నాయో చూడాలి."