గాలి చీటీ

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. శిక్షణలో నేర్చుకున్నదంతా బడిలో జరిగి తీరుతుందని ఒకటి, దయ్యాలంటే నాకు భయం లేదని ఇంకొకటి. మడకశిర దాటాక ఆటో దిగి, ఎర్రమట్టి దారిలో నడిచి చేరాల్సిన ఒక చిన్న పల్లెలో నాకు మొదటి ఉద్యోగం వచ్చింది. అక్కడ ఆ రెండు నమ్మకాలూ ఒకే మధ్యాహ్నం పోయాయి.

మూడో తరగతి పిల్లల చేత కొత్త మాటలు బట్టీ పట్టించకూడదు, మాట వెళ్లి వస్తువును ముట్టుకోవాలి అన్నది నా సిద్ధాంతం (నాది కాదు, శిక్షణ ఇచ్చినాయనది, కాని అప్పటికే నాదని చెప్పుకుంటున్నాను). పసుపు కాగితాన్ని చీటీలుగా కత్తిరించి, ఎర్ర సిరాతో ఒక్కో మాట రాసి, తలా ఒకటి ఇచ్చి, ఆ వస్తువు ఊళ్లో ఎక్కడుంటే అక్కడ అంటించి రమ్మనేదాన్ని. పిల్లలకు పండగే. రోలుకూ గడపకూ నాగలికీ పేర్లు పడ్డాయి. 'మేక' అన్న చీటీని మేకే తినేసింది. నేను వీపు మీద 'పొయ్యి' అన్న చీటీతో ఒక పూటంతా తిరిగాను.

ఆషాఢంలో ఒకరోజు 'గాలి' చీటీ చీమకు వచ్చింది. చీమ అని అందరూ పిలిచే ఆ పిల్ల తరగతిలో అందరికంటే చిన్నది, నోరు విప్పి మాట్లాడనిది. అమ్మానాయనలు బెంగళూరులో కట్టడం పనికి పోతే అవ్వ దగ్గర ఉండేది. గాలిని ఎక్కడ అంటిస్తావని అందరూ నవ్వారు. కొండమీది గాలిమరలకు అంటించమని ఒకడు సలహా కూడా ఇచ్చాడు. ఆ పిల్ల చీటీ పట్టుకుని పోయింది.

మర్నాడు మధ్యాహ్నం అన్నాలయ్యాక చీటీలు చూసి రావడానికి బయల్దేరాను. వీధిలో మనిషి లేడు, కుక్క కూడా లేదు. ఒకటే ఎండ, గాలి, ఎర్ర దుమ్ము. ఊరి చివర మూడేళ్లుగా తాళం వేసి ఉన్న మిద్దె తలుపు మీద పసుపు చీటీ రెపరెపలాడుతోంది. 'గాలి'. గడప దుమ్ములో చిన్న పాదాల జాడలు తప్ప ఇంకేమీ లేవు. ఎందుకిక్కడ అంటించిందా అని దగ్గరికి వెళ్లాను. లోపల ఎవరో మూలిగారు. ఎవరని అడిగాను. "ఊఁ" అంది లోపల. గొంతు సవరించుకుని, ప్రభుత్వోద్యోగి హోదాలో మళ్లీ అడిగాను. ఈసారి ఆ ఊఁ చాలాసేపు సాగి, ఇంకా ఏమైనా అడుగుతావా అన్నట్టు చివర కాస్త పైకి లేచింది. ఆ తర్వాత నేను బడి దగ్గర ఉన్నాను. మధ్యలో దారి గుర్తు లేదు. ఒక చెప్పు మాత్రం ఆ గడప దగ్గరే ఉండిపోయింది.

నా పరుగును ఆ మిద్దెకు ఎదురింటి అరుగు మీద, స్తంభం చాటున పడుకున్న మీసాలాయన చూశాడు (ఊళ్లో ఏ కబురైనా ఆయన మీసాల మీదుగానే పోయేది). ఆ పల్లెలో గాలి అంటే వీచేదే కాదు, మనిషికి సోకేది, పట్టేది కూడా. ఆ సంగతి నాకూ తెలుసు, చీటీ రాసేటప్పుడు గుర్తు రాలేదంతే. సాయంత్రానికి ఊరు తేల్చేసింది: ఆ ఇంట్లో గాలి ఉంది, అందుకే టీచరమ్మ పరుగెత్తింది, మాట్లాడని పిల్లకు అది ముందే తెలిసిందంటే పిల్లకూ సోకినట్టే. మర్నాడు చీమ బడికి రాలేదు. వాళ్లవ్వ మెడలో అంత్రం కట్టించి, బెంగళూరు బస్సెక్కించి తల్లి దగ్గర వదిలేస్తుందట. అక్కడ వాళ్లుండే చోట బడి లేదు, ఇసుక కుప్పలే. నేను పరుగెత్తకపోతే ఇంత జరిగేది కాదు.

వాళ్లింటికి వెళ్లాను. పిల్ల నుదుట విభూది, పక్కన బట్టల మూట. జనం పోగయ్యారు. అవ్వ నన్ను సూటిగా చూసింది.

"సదువుకున్న దానివి. ఆ ఇంట్లో గాలి ఉండాదా, లేదా? ఒక్క మాట జెప్పు తల్లీ."

ఉందంటే పిల్ల బస్సెక్కుతుంది. లేదంటే పిల్ల అబద్ధమాడినట్టు, పైగా నేనెందుకు పరుగెత్తినట్టు? చివరికి చీమే లేచి, నా వేలు పట్టుకుని ఆ మిద్దె వైపు నడిచింది. మా వెనక ఊరు నడిచింది.

మేం చేరేసరికి అది మళ్లీ మూలుగుతోంది. మీసాలాయన నా వెనక్కి జరిగాడు (నేనెవరి వెనక్కి జరగాలో తెలియక నిలబడ్డాను). చీమ చెయ్యెత్తి, తలుపుకు పాత గొళ్లెం ఊడిపోయిన చోట ఉన్న బొక్కను అరచేత్తో మూసింది. మూలుగు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దానికి నాకు ఇంకా ఎక్కువ భయమేసింది. చెయ్యి తీసింది. "ఊఁ." మళ్లీ మూసింది. అప్పుడు అవ్వ వంగి, పిల్ల చెయ్యి పక్కకు తీసి, తన చెయ్యి పెట్టి చాలాసేపు చూసింది. ఆమె అరచేతికి తగులుతున్నది కూలిన కప్పులోంచి లోపలికి దిగి, ఆ బొక్కలోంచి బయటికి వస్తోంది.

"గాలేనప్పా, వట్టి గాలి" అని నవ్వేసింది. ఇంటికి పోయి మూట విప్పింది.

జనం వెళ్లాక, ఒక్కదానివే వచ్చి అంటించావే, భయం వేయలేదా అని చీమను అడిగాను. ఆ పిల్ల నాతో అన్ని మాటలు మాట్లాడడం అదే మొదలు.

"శానా బయమైంది టీచర్. ఏడ్సుకుంటానే అంటిచ్చినా. మీరు అంటిచ్చి రమ్మంటిరి గదా."

ఇప్పుడు పిల్లలను ఎక్కడికి పంపాలన్నా ముందు నేనే ఒకసారి పోయి వస్తాను. తోటి టీచర్లు దాన్ని నా బోధన పద్ధతి అని మెచ్చుకుంటారు, నేనూ కాదనను. ఆ మిట్టమధ్యాహ్నం ఒంటి చెప్పుతో పరుగెత్తిన ఇరవై మూడేళ్ల టీచరమ్మను తలచుకుంటే నవ్వొస్తుంది. ఆమె మాట మీద ఒక పిల్ల ఏడుస్తూ ఆ గడప ఎక్కిందని గుర్తొస్తే మాత్రం ఆ నవ్వు సగంలోనే ఆగిపోతుంది.