పులివెందులలో కరిగిన అరోకాత్

ఏళ్ళు గడిచినా ఈ సంగతి తలచుకుంటే నాకు కోపమే వస్తుంది. తగ్గించుకోవాలని కూడా లేదు.

అప్పుడు నేను జమ్మలమడుగులో ఒక హైస్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. తొమ్మిదో తరగతిలో పెద్దముడియం వైపు నుంచి వచ్చే అమ్మాయి ఒకతె ఉండేది. వాళ్ళింట్లో గొర్రెలు మేపుతారు. ఒకరోజు పిల్లలకు నా ఫోన్లో అరోకాత్ ఫొటో చూపించాను. నెప్ట్యూన్ అవతల ఎక్కడో తిరిగే, రెండు తగులుకుని ఒకటైన మంచుముద్ద అది. సూర్యుణ్ణి ఒక్కసారి చుట్టి రావడానికి దాదాపు మూడు వందల ఏళ్ళు పడుతుంది.

"రెండు సంకటి ముద్దలు అంటుకున్నట్టుండాది మేడమ్," అందా అమ్మాయి. అందరూ నవ్వారు. తను నవ్వలేదు. "గుద్దుకున్నెప్పుడు పగిలిపోలేదా?"

మెల్లగా, మనం నడిచేంత నిదానంగా వచ్చి తగిలి ఉంటాయంటారని చెప్పాను. మర్నాడు వచ్చి, బస్టాండు దగ్గర సోడా అంగట్లో ఐసు ముక్కలు అడిగి తీసుకుని చూశానంది. విసిరితే పగిలాయట. ఒత్తి పట్టుకుంటే అతుక్కున్నాయట. ఎవరూ చెప్పకుండా అంత పని చేసిన పిల్లను పులివెందుల సైన్సు ఎగ్జిబిషన్‌కు కాక ఇంకెక్కడికి తీసుకుపోతాను?

నేనుండేది ప్రొద్దుటూరులో. మా వీధి చివర ఐసు ఫ్యాక్టరీ నడిపే సాయిబు, గిన్నెల్లో ఎర్రమట్టి నీళ్ళు పోసి రెండు ముద్దలు గడ్డకట్టించి, ఊకలో పెట్టి డబ్బాలో సర్దిచ్చాడు. "మధ్యాన్నం దాకా కదలదు మేడమ్. ఆ తర్వాత నా చేతిలో లేదు," అన్నాడు.

పొద్దున పదికల్లా చూస్తామన్నారు. పదికి మేము బల్ల దగ్గరే ఉన్నాం. ముఖ్య అతిథి రాలేదు. ఆయన రిబ్బను కత్తిరించకుండా న్యాయనిర్ణేతలు లోపలికి రారట. ఎండాకాలం, రేకుల షెడ్డు. పన్నెండు దాటేసరికి డబ్బా అడుగున నీళ్ళు కనిపించాయి. ఆ పిల్ల తన చున్నీ తడిపి డబ్బాకు చుట్టింది.

ఏర్పాట్లు చూసే అధికారి దగ్గరికి పోయి, ఈ ఒక్కటీ ముందు చూడమని బతిమాలాను.

"అందరికీ ఒక పద్ధతి, మీకొక పద్ధతా మేడమ్? థర్మాకోల్‌తో చేసి రంగేసుంటే అయిపోయేది గదా."

"థర్మాకోల్ అతుక్కోదు సార్."

"ఫెవికాల్ ఉండాది," అని పక్కాయన వైపు తిరిగి నవ్వాడు.

అతిథి వచ్చేటప్పటికి మూడైంది. మా బల్ల మీద ఎర్రటి నీళ్ళు, తడి ఊక. న్యాయనిర్ణేత ఒకాయన తొంగిచూసి, "ఏంది పాపా ఇది?" అన్నాడు.

"మంచు సార్. పొద్దున ఉన్నింది."

ఆయన నవ్వి ముందుకు కదిలాడు. ఆ పిల్ల చున్నీ పిండుకుంటోంది. నేను తల తిప్పాను. వేదిక వెనక, పెద్దమనుషుల కూల్‌డ్రింకుల కోసం ప్లాస్టిక్ టబ్బు నిండా ఐసు. పొద్దుటి నుంచీ అక్కడే ఉంది. నేను అడిగినప్పుడు ఆ అధికారి దాని పక్కనే నిలబడి ఉన్నాడు.

నేరుగా పోయి సీసాలు పక్కకు నెట్టి రెండు చేతులా ఐసు తీసుకున్నాను.

"మేడమ్, ఏం చేస్తాండారు? అది సార్‌వాళ్ళకు," అని అధికారి అడ్డం వచ్చాడు.

"పొద్దున్నుంచి ఐసు పెట్టుకోని, ఐసు కరిగిపోతాంది సార్ అంటే నవ్వినారే," అన్నాను. నా గొంతు మైకు లేకుండానే షెడ్డంతా వినబడింది. అతిథి కూడా ఆగి చూశాడు. అధికారి పక్కకు తప్పుకున్నాడు.

ఐసు తెచ్చి ఆ పిల్ల చేతిలో పెట్టి, "చెప్పు" అన్నాను.  రెండు ముక్కలు తీసి నేలకేసి కొట్టింది, పగిలాయి. ఇంకో రెండు అరచేతుల మధ్య ఒత్తి పట్టుకుంది. చుట్టూ పిల్లలు మూగారు. చెయ్యి తీసి ఎత్తి చూపించింది. అతుక్కునే ఉన్నాయి.

"మెల్లగా వచ్చినాయి కాబట్టి నిలబడినాయి సార్," అంది. ముందుకు పోయిన న్యాయనిర్ణేత వెనక్కి వచ్చి విన్నాడు.

బహుమతి రాలేదు. థర్మాకోల్‌తో చేసిన సిమెంటు ఫ్యాక్టరీ నమూనాకు వచ్చింది. మా హెడ్మాస్టరు నన్ను పిలిచి, స్కూలు పరువు తీశానన్నాడు. తీసింది నేను కాదన్నాను.

మరుసటి ఏడు ఎగ్జిబిషన్‌కు ముందు ఫోను చేసి చెప్పారు, కరిగే వస్తువులు తేకూడదని. అతిథులు వేళకు రావాలని మాత్రం ఎవరూ ఎవరికీ చెప్పలేదు.