దీదీ రాసిచ్చిన నోటుబుక్కు

నిన్న నా కాలికున్న పిండికట్టు కోసి తీశారు. ఆరు వారాలు గాలి తగలని చర్మం నుంచి ఒక్కసారిగా ముక్కిన వాసన వచ్చింది. బడిలో ఆటల టీచర్ని, బడి మెట్ల మీదే జారి చీలమండ విరగ్గొట్టుకున్నాను. మంచం మీద తోచదని తోటి టీచర్లు ఆటగాళ్ళ మీద తీసిన డాక్యుమెంటరీల జాబితా ఒకటి ఫోనుకు పంపారు. ఇన్నాళ్ళూ ఒక్కటీ తెరవలేదు. నిన్న ఆ వాసనకు పాత రోజులు గుర్తొచ్చి తెరిచాను. రెండు నిమిషాలు కూడా చూడలేకపోయాను. రోజ్ దీదీ పక్కన లేకుండా అలాంటివి చూడటం నాకు అలవాటు లేదు.

అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. భిలాయి ఉక్కు ప్లాంటు క్వార్టర్లలో ఉండేవాళ్ళం. నాన్న ప్లాంటులో క్రేన్ నడిపేవాడు. నాకు వాలీబాల్ తప్ప మరో లోకం లేదు. ఒక మ్యాచిలో నెట్ దగ్గర ఎగిరి బంతిని కొట్టి దిగుతుంటే ఎడమ మోకాలు పక్కకు తిరిగి, లోపల లిగమెంటు తెగిపోయింది. ఆపరేషన్ చేసిన డాక్టరు తొమ్మిది నెలల దాకా ఆట మాటెత్తొద్దన్నాడు. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాను.

రోజ్ దీదీ మా పై క్వార్టర్లో ఉండేది. భర్త ప్లాంటులో, ఆవిడ పక్కనే ఉన్న చరోదా రైల్వే ఆఫీసులో గుమస్తా. టెక్కలి దగ్గరి పల్లె నుంచి పరుగు పందేలు గెలుచుకుంటూ వచ్చి, ఆటగాళ్ళ కోటాలో ఆ ఉద్యోగం సంపాదించుకున్న మనిషి. అమ్మను వదినా అని పిలిచేది. నేను మాత్రం అక్కడి పిల్లలందరిలాగే హిందీలో దీదీ అనేదాన్ని. ఒక ఆదివారం సంచీ నిండా పుస్తకాలు, సీడీలు పట్టుకుని నా గదిలోకి వచ్చింది.

"ఏటే, గోడకేసి సూస్తన్నావు? గోడ మీద ఏటన్నా మ్యాచ్ అవుతోందా?"

నెల రోజుల తర్వాత నేను నవ్వింది అప్పుడే. అది మొదలు ప్రతి ఆదివారం వచ్చేది. ఈతగాళ్ళ మీద, బాక్సర్ల మీద, మంచుకొండలెక్కేవాళ్ళ మీద తీసిన సినిమాలు ఇద్దరం కలిసి చూసేవాళ్ళం. మెడల్ ఇచ్చే చోటికి వచ్చేసరికి దీదీ ఆపేసి, వెనక్కి తిప్పేది. ఆసుపత్రి వరండాలో ఒకమ్మాయి గోడ పట్టుకుని నాలుగడుగులు వేయడానికి తంటాలు పడే చోట నిలిపి, "ఇది సూడు. మెడల్ అందరూ సూస్తారు" అనేది. పుస్తకాలను ఇంగ్లీషులో కూడబలుక్కుంటూ చదివి, తెలుగులో చెప్పేది. ఒక అధ్యాయం అయ్యేలోపు నేను మోకాలు ముప్పైసార్లు వంచాలి. కథ మీద ఆశతో నొప్పి ఓర్చుకునేదాన్ని.

ఆరో నెలలో రాష్ట్ర జట్టు ఎంపిక పోటీల కబురు వచ్చింది. వెళ్తానన్నాను. డాక్టరుకు చెప్పొద్దని అమ్మను బతిమాలాను. దీదీ ఒక్కతే అడ్డుపడింది.

"మనం చూసిన సినిమాల్లో అందరూ మళ్ళీ ఆడారు కదా దీదీ?"

"మళ్ళీ ఆడినోళ్ళ మీదే తీస్తారే సినిమాలు. ఆడలేకపోయినోళ్ళ ఇంటికి కెమెరా ఎవుడు పట్టుకెళ్తాడు?" అంది. తొడ కండరం చిరిగితే ఇంజెక్షన్ వేయించుకుని తాను పరిగెత్తిన కథ మొదటిసారి చెప్పింది. "ఆ ఒక్క రోజు కోసం మిగతా రోజులన్నీ పోగొట్టీసుకున్నాను. నువ్వు ఆగు, గుంటా."

అప్పుడు నేనన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "నీకు దక్కలేదని నన్నూ ఆపుతున్నావు."

దీదీ కళ్ళజోడు తీసి పెట్టెలో పెట్టుకుని, ఒక్కో మెట్టూ ఆగి ఆగి ఎక్కుతూ పైకి వెళ్ళిపోయింది.

పోటీల్లో రెండో రోజే మోకాలు మళ్ళీ తిరిగిపోయింది. రెండో ఆపరేషన్ తర్వాత ఇక ఆడటానికి లేదన్నారు. దీదీ వచ్చింది. నేను నిద్రపోతున్నానని చెప్పమన్నాను అమ్మతో. "పడుకోనీ వదినా, పాపం" అన్న మాట గోడ ఇవతలికి వినబడింది. మరో రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ నేను నిద్రే నటించాను. సిగ్గుతోనే చేశాను. కానీ ఆవిడకది కోపంలాగే కనిపించి ఉంటుంది.

మరుసటేడు ఆవిడ భర్త రిటైరయ్యాడు, ఆవిడా ఉద్యోగం మానేసింది. వాళ్ళు టెక్కలి వెళ్ళిపోతూ మా గుమ్మంలో నిలబడ్డారు. దీదీ నా చేతిలో ఒక నోటుబుక్కు పెట్టింది. తిరిగి ఆడలేకపోయిన ఒక పరుగు పందేల మనిషి రాసుకున్న ఇంగ్లీషు పుస్తకమట. ఎక్కడో వెతికి సంపాదించి, నాకోసం తెలుగులో రాసింది. "తీరిగ్గా సదువు" అంది. సరే అన్నాను. క్షమించమన్న మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. హిందీ బళ్ళో చదివిన నాకు తెలుగు చదవడం కష్టమని సాకు చెప్పుకుని, నోటుబుక్కును బీరువా పైన పెట్టేశాను.

కొన్నాళ్ళకు ఆవిడే ఫోన్ చేసింది.

"మోకాలు ఎలాగున్నాది?"

"బాగుంది దీదీ."

"పుస్తకం సదివావా?"

"చదివాను."

"ఆకరి అధ్యాయం నచ్చిందా?"

"చాలా నచ్చింది."

"సంతోషమే తల్లీ" అని పెట్టేసింది. ఆ తర్వాత ఏడాది తిరక్కుండానే దీదీ పోయిందని తెలిసింది.

ఆ రోజు నోటుబుక్కు తెరిచాను. అక్షరం అక్షరం తడుముకుంటూ చదవడానికి వారం పట్టింది. ఆఖరి అధ్యాయం అందులో లేదు. దాని చోట రెండే వాక్యాలున్నాయి: "ఇక్కడి ఇంగ్లీషు నాకు అర్థం కాలేదు. నువ్వు చదివి నాకు చెప్పు."

నేను చెప్పింది అబద్ధమని తెలిసి కూడా ఆవిడ ఆ రోజు నన్ను ఒక్క మాట అనలేదు.

ఆ ఇంగ్లీషు పుస్తకం తర్వాతెప్పుడో దొరికింది. ఆఖరి అధ్యాయం చాలాసార్లు చదివాను. బడిలో ఏ పిల్లకు దెబ్బ తగిలినా వాళ్ళింటికి వెళ్ళి, మంచం పక్కన కూర్చుని ఆ కథంతా చెబుతాను. తడబడకుండా చెప్పగలను. చెప్పమని అడిగిన మనిషికి మాత్రం చెప్పలేకపోయాను.